ఇండియనా, ఇంపోర్టెడా అని అడిగే ముందు

నడుము ఆపరేషన్‌కి ఇంట్లో ఎవరినైనా చేర్పించినవాళ్లకి ఆ గది తెలిసే ఉంటుంది. పేషెంటుని పైన వార్డులో పడుకోబెడతారు. కొడుకునో అల్లుణ్ణో కింద కౌన్సెలింగ్ గదికి పిలుస్తారు. ఎస్టిమేట్ కాగితం ముందుపెట్టి అడుగుతారు: “స్క్రూలు ఇండియన్ వేయమంటారా సార్, ఇంపోర్టెడ్ వేయమంటారా?” మొన్నామధ్య మా మేనత్తకి ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములో నాలుగో, ఐదో పూసల్ని కలిపి అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ చేసినప్పుడు ఆ గదిలో మా బావ పక్కన నేనూ ఉన్నాను. రెండు ధరలకీ తేడా లక్ష పైమాటే. బావ క్షణం కూడా తటపటాయించలేదు. “అమ్మకి కదండీ, మంచివే వేయండి” అన్నాడు. డాలస్‌లో ఉన్న చిన్నబావ అప్పటికే వాట్సాప్ కాల్‌లో ఉన్నాడు. “డబ్బు చూడకు అన్నయ్యా, ఇంపోర్టెడే వేయించు, నేను పంపిస్తా” అన్నాడు.

కన్నతల్లి వెన్నులో వేసే వస్తువు గురించి అడిగితే ఏ కొడుకైనా అదే చెప్తాడు. అందుకే ఆ జవాబు మీద నాకు ఫిర్యాదు లేదు, ఉన్నది ఆ ప్రశ్న మీద. ఆ ప్రశ్న ఇంటివాళ్లని అడగకూడదు. రేపు పొద్దున ఆపరేషన్ పెట్టుకుని, ఈరోజు సాయంత్రం ఓ సేల్స్ కేటలాగు చూపించినట్టు అడగడం మరీ అన్యాయం. ఆ ఒక్క ప్రశ్నతో ఇంటిల్లిపాది దృష్టీ లోహం మీదకి పోతుంది. అసలు ఈ పూసలు అతికించాల్సినవేనా, అతికించినా ఈ మనిషికి అతుకుతాయా అన్న రెండు మాటలు ఎవరికీ తట్టవు. ఆ రోజు మా గదిలో ఎవరూ ఆ మాటలు ఎత్తలేదు. ఆ తర్వాత నేను ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను, డాక్టర్లయిన స్నేహితులతో వాదించాను. చదివిన కొద్దీ నా అభిప్రాయం గట్టిపడింది. కొన్ని చోట్ల మాత్రం కదిలింది కూడా. ఆ చోట్లు దాచకుండా రాస్తాను.

అతికేది ఎముక

చుట్టాలు చూడ్డానికొస్తే “రాడ్లు వేసి బిగించారు” అని చెప్తాం. అంతా ఆ రాడ్లే చేస్తున్నాయని మనకో నమ్మకం. ఫ్యూజన్ అంటే రెండు పూసల మధ్య కొత్త ఎముక పెరిగి అవి ఒకే పూసలా మారిపోవడం. సర్జన్ పూసల పైపొర గీకి నెత్తురు చెమ్మ తేలేలా చేస్తాడు. నరం మీద ఒత్తిడి తీయడానికి తొలగించిన ఎముకనే చిన్న ముక్కలు చేసి అక్కడ పరుస్తాడు. చాలకపోతే తుంటి ఎముక అంచు నుంచి కొంత తీస్తాడు. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ తీసేసి ఆ ఖాళీలో కేజ్ అనే బోలు దిమ్మె పెట్టినా, దాని బోలులో కూరేది మళ్లీ ఆ ఎముక ముక్కల్నే. అక్కణ్ణుంచి పని శరీరానిది. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. అన్నాళ్లూ ఆ రెండు పూసలూ కదలకుండా ఉండాలి. ఒక్కో పూసకి రెండేసి స్క్రూలు, వాటిని కలుపుతూ కుడివైపొకటి ఎడమవైపొకటి రాడ్డు వేసేది ఇందుకే. స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ బరువు మోసినట్టు, ఎముక అతికేదాకా లోహం మోస్తుంది. ఆ తర్వాత మామూలుగా దాన్ని తీయరు, లోపలే వదిలేస్తారు.

లోహం లేని రోజుల్లోనూ ఈ ఆపరేషన్ ఉంది. 1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారు విడిగా పూసలు అతికించారు. ఆల్బీ చేసింది వెన్ను టీబీ రోగులకి, కాలి ముందు ఎముక నుంచి ముక్క తీసి. రోగులు నెలల తరబడి ప్లాస్టర్ కట్టులో మంచానికే అంటుకుని ఉండాల్సొచ్చేది. పూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే చిన్న ఎముక దూలం ఉంటుంది, దాన్నే పెడికిల్ అంటారు. దాని గుండా స్క్రూ దించి బిగించే పద్ధతిని ప్యారిస్‌లో రేమండ్ రాయ్-కామీ 1963లో మొదలుపెట్టాడు. మా అత్తని ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టారు. పూసల్ని కదలకుండా పట్టి ఉంచే ఆ స్క్రూలు దానికి సాయపడ్డాయి. కాబట్టి లోహాన్ని నేను తక్కువ చేయను. అది చేసే మేలు ఎంతవరకో తెలుసుకోమంటున్నాను, అంతే.

ఎముక అతకలేదనుకోండి. మనిషి వేసే ప్రతి అడుగుకీ, వంగి లేచే ప్రతిసారీ ఆ బరువంతా స్క్రూల మీదే పడుతుంది. అలా లక్షలసార్లు. ఎంత ఖరీదు పెట్టి కొన్న టైటానియమైనా ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతుంది. ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది, అంటే అది ఎముకలో వదులైందని. లేదా రాడ్డే విరుగుతుంది. “స్క్రూ విరిగింది, నాసిరకం వేశారు” అని ఊళ్లో చెప్పుకునే కథల్లో చాలావాటి వెనక ఉన్నది అతకని ఎముకే.

మరి ఎముక ఎందుకు అతకదు? పొగాకు మొదటి కారణం. 1986లో అమెరికాలో వచ్చిన ఒక పాత అధ్యయనంలో పొగ తాగేవాళ్లలో 40 శాతం మందికి పూసలు అతకలేదు, తాగనివాళ్లలో 8 శాతం మందికే అతకలేదు. అప్పటి పద్ధతులు వేరు, ఇప్పుడు తేడా అంత ఉండకపోవచ్చు, కానీ దిశ మారలేదు. మా శ్రీకాకుళం చుట్టాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆపరేషన్ ఫారంలో “స్మోకింగ్” అని ఉన్నచోట నర్సమ్మ ఆడవాళ్లని అడక్కుండానే “లేదు” అని రాసేస్తుంది. ఆ తర్వాత అదుపులో లేని షుగరు. ఆ తర్వాత గుల్లబారిన ఎముక. ముట్లుడిగి ఇరవై ఏళ్లు దాటిన ఆడమనిషి పూసలో స్క్రూ ఎంత బిగుతుగా కూర్చుంటుందన్నది ఆ ఎముక సాంద్రత మీద ఆధారపడుతుంది, స్క్రూ తయారైన దేశం మీద కాదు. మా అత్తకి అరవై ఎనిమిదేళ్లు. ఆపరేషన్‌కి ముందు ఎముక సాంద్రత పరీక్ష చేయలేదు. ఆ పరీక్షకయ్యే ఖర్చు ఇండియన్‌కీ ఇంపోర్టెడ్‌కీ ఉన్న తేడాలో పిసరంత. విటమిన్ డి చూడలేదు. డిశ్చార్జి అయ్యాక మేం అడిగి చేయించుకుంటే రెండూ తక్కువే ఉన్నాయి, మందులు మొదలుపెట్టారు. ఎముక గుల్లగా ఉందని ముందే తెలిస్తే మందులిచ్చి కొన్ని నెలలు ఆగొచ్చు, స్క్రూ చుట్టూ సిమెంటు నింపొచ్చు, ఇంకో పూసకి కూడా స్క్రూలు వేసి పట్టు తీసుకోవచ్చు. అంటే ప్లానే మారిపోయే సమాచారం అది.

లక్షకి పైగా తేడా గురించి పావుగంట చర్చ జరిగిన ఆ గదిలో దీని గురించి ఒక్క నిమిషం కూడా నడవలేదు. నా కోపమంతా ఇక్కడే.

అసలు అతికించాలా?

మా వీధిలో రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ గారొకరున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నడుము నొప్పి రాని డ్రైవరుంటాడా? ఎమ్మారై తీయిస్తే రెండు డిస్కులు ఉబ్బాయని వచ్చింది. “స్క్రూలు వేయాలి” అన్నారు ఒకచోట. ఇంకోచోట చూపిస్తే ఆయన్ని నడిపించి, కాళ్లు ఎత్తించి, వంచి చూసి, “కాళ్లలోకి నొప్పి రావట్లేదు, బలం తగ్గలేదు, పూస జారలేదు, దేనికి స్క్రూ?” అని వ్యాయామం చెప్పి పంపారు. ఆయన ఇప్పుడు పొద్దున్నే చెరువుగట్టు మీద నడుస్తున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, ఆయన దాంతో బతకడం నేర్చుకున్నారు.

ఎమ్మారై రిపోర్టు భయపెట్టినంతగా ఇంకేదీ మనల్ని భయపెట్టదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. సగానికి పైగా మందికి, అంటే 52 శాతానికి, ఎక్కడో ఓచోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నది 36 శాతం మందికే. బొమ్మలో కనిపించిందే నొప్పికి కారణమని తేల్చడం కష్టమన్నమాట. బ్రిటన్‌లో 2016 నవంబరు నుంచి అక్కడి ప్రభుత్వ వైద్య మార్గదర్శకం మరీ కచ్చితంగా చెప్తోంది: వట్టి నడుము నొప్పికి, పరిశోధనలో భాగంగా తప్ప, ఫ్యూజన్ చేయవద్దని.

నరాల దారి ఇరుకైనవాళ్ల సంగతి వేరు. నాలుగడుగులు వేస్తే కాళ్లు బరువెక్కి కూర్చోవాల్సొచ్చే పెద్దవాళ్లకి ఆ ఇరుకు విప్పితే చాలావరకు హాయి వస్తుంది, అందులో పెద్దగా వివాదం లేదు. ఇరుకు విప్పడంతో పాటు స్క్రూలు కూడా వేయాలా అన్నదే ప్రశ్న. 2016లో స్వీడన్‌లో 247 మందిని రెండు గుంపులు చేసి చూశారు. రెండేళ్ల తర్వాత ఫ్యూజన్ కలిపి చేసినవాళ్లకి ఒనగూరిన అదనపు మేలు లేదు. పూస కాస్త జారి ఉన్నవాళ్లలోనూ లేదు. 2021లో నార్వేలో పూస జారిన 267 మందిలో చూసినా, వట్టి ఇరుకు విప్పడం ఫ్యూజన్‌కి తీసిపోలేదు.

నా అభిప్రాయం కదిలింది ఇక్కడే. స్వీడన్ ఫలితాలు వచ్చిన రోజే, అదే వైద్య పత్రికలో అమెరికా నుంచి 66 మందితో చేసిన ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో ఫ్యూజన్ చేయించుకున్నవాళ్ల శారీరక ఆరోగ్యం కొంచెం మెరుగ్గా ఉంది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు ఫ్యూజన్ గుంపులో 14 శాతం, ఇరుకు మాత్రమే విప్పిన గుంపులో 34 శాతం. ఇది చిన్న తేడా కాదు. దీన్ని పక్కనపెట్టి “స్క్రూలన్నీ వ్యాపారమే” అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి ఇంట్లోనే ఇంకో కారణం ఉంది. మా పిన్ని కొడుకు టైల్స్ పని చేస్తాడు. ఎల్5 పూసలో పుట్టుక తర్వాత ఎప్పుడో ఏర్పడిన పగులు, పూస ముందుకి జారింది. ఎడమకాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. రెండేళ్లు మందులు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాక ఫ్యూజన్ చేశారు. ఇప్పుడు మళ్లీ పనికెళ్తున్నాడు, నేల మీద వంగే పని మానేసి కొలతలూ కటింగూ చూసుకుంటున్నాడు. వాడి భార్యని అడిగితే ఆ స్క్రూలకి దండం పెడుతుంది. వెన్ను విరిగినవాళ్లకీ, టీబీ పూసని తినేసినవాళ్లకీ ఈ సామాను ప్రాణదానమే. ఆపరేషన్ కావాల్సిన మనిషికి భయపెట్టి మాన్పించడం కూడా హానే.

నేను అడిగేదల్లా ఆ తేడా ఇంటివాళ్లకి చెప్పమని. పూస కదులుతోందా? నిలబడి ముందుకీ వెనక్కీ వంగినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఆ కదలిక కనిపించిందా? ఇరుకు మాత్రమే విప్పితే ఏమవుతుంది? అతికించాక పై పూస, కింది పూస మీద పడే భారం సంగతేంటి? ఈ చివరి ప్రశ్న మా వాళ్లలో ఎవరికీ తెలియదు. రెండు పూసలు ఒకటయ్యాక వాటి వంతు కదలిక పక్క కీలు మోయాలి. 2004లో వచ్చిన ఒక లెక్క ప్రకారం ఫ్యూజన్ అయినవాళ్లలో ఐదేళ్లకి 16.5 శాతం మందికి, పదేళ్లకి 36.1 శాతం మందికి పక్క పూసల దగ్గర మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేంత అరుగుదల వస్తుంది. కొంత వయసు వల్ల ఎలాగూ వచ్చేదే. అయినా నలభై ఏళ్లకి స్క్రూలు వేయించుకునేవాడికి ఇది తెలియాలి.

ఖరీదు పెరిగితే మేలు పెరుగుతుందా?

ఇందులో నాకు బాగా నచ్చిన అధ్యయనం 1997 నాటిది. పూస జారి, నరం ఇరుకైన 76 మందితో మొదలుపెట్టారు. సగంమందికి స్క్రూలతో, సగంమందికి స్క్రూల్లేకుండా వట్టి ఎముక పరిచి ఫ్యూజన్ చేశారు. రెండేళ్లకి స్క్రూలు వేసినవాళ్లలో 82 శాతం మందికి ఎముక అతికింది, వేయనివాళ్లలో 45 శాతం మందికే. స్క్రూ గెలిచినట్టే కదా? రోగుల్ని అడిగితే బాగుందన్నవాళ్లు స్క్రూలున్న గుంపులో 76 శాతం, లేని గుంపులో 85 శాతం. ఇంత తక్కువమందిలో ఆ తేడా కాకతాళీయం కావచ్చు కాబట్టి, గణాంకాల లెక్కలో ఆ రెండూ సమానమే. ఎక్స్‌రే చెప్పేదీ మనిషి చెప్పేదీ ఒకటి కాకపోవచ్చని దీన్నుంచి నేర్చుకున్నాను. కానీ అక్కడే ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. ఈ అధ్యయనంలోనూ, అంతకుముందు ఇలాంటిదే ఇంకోదాంట్లోనూ స్క్రూల్లేకుండా ఫ్యూజన్ అయిన 47 మందిని సగటున ఏడేళ్లు దాటాక మళ్లీ చూస్తే, ఎముక గట్టిగా అతికినవాళ్లలో 86 శాతం బాగున్నారు, అతకనివాళ్లలో 56 శాతమే. దీర్ఘకాలంలో అతకడం ముఖ్యమే. అది తెచ్చిపెట్టేంతవరకు స్క్రూ ముఖ్యమే.

స్క్రూ వేయడానికీ వేయకపోవడానికీ మధ్యే తేడా తేల్చడం ఇంత కష్టమైతే, ఈ కంపెనీ స్క్రూకీ ఆ కంపెనీ స్క్రూకీ మధ్య రోగికి తెలిసే తేడా ఉందని కౌన్సెలింగ్ గదిలో అంత ధీమాగా ఎలా చెప్తారు?

కేజ్‌ల విషయంలోనూ ఇదే వరస. పీక్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి ఎక్స్‌రేకి అడ్డురావు, కాబట్టి లోపల ఎముక పెరుగుతోందో లేదో కనిపిస్తుంది. గట్టిదనంలో ఎముకకి దగ్గరగా ఉంటాయి. కానీ ఎముక వాటి ఒంటికి సరిగా అంటుకోదు, మధ్యలో పీచు పొర వస్తుంది. టైటానియం ఒంటికి ఎముక బాగా అంటుకుంటుంది, కానీ మరీ గట్టిది, గుల్లబారిన పూసలోకి దిగబడే భయం ఉంది. అందుకని ఇప్పుడు 3డి ప్రింటింగ్‌తో రంధ్రాల టైటానియం వచ్చింది. ఆలోచన మంచిదే. అది పనిచేయాలని మనసారా కోరుకుంటున్నాను. మంచి ఆలోచన ఎక్కువ ధరగా మారే వేగం, మంచి ఫలితంగా రుజువయ్యే వేగం కంటే ఎప్పుడూ ఎక్కువే.

ఈ రంగంలో పెద్ద గుణపాఠం అమెరికాది. ఎముకని పెంచే బీఎంపీ అనే ప్రొటీన్ మందుని మెడ్‌ట్రానిక్ కంపెనీ ఇన్‌ఫ్యూజ్ పేరుతో అమ్మింది. 2002లో అనుమతి వచ్చింది. తుంటి నుంచి ఎముక తీసే బాధ తప్పుతుందని సర్జన్లు ఉత్సాహంగా వాడారు. కంపెనీ సొమ్ముతో జరిగిన అధ్యయనాల్లో ఆ మందు వల్ల దుష్ఫలితాలే లేవన్నారు. 2011లో వెన్ను సర్జన్ల సొంత పత్రికే ఒక సంచిక మొత్తాన్ని దీనికి కేటాయించి, ఆ అధ్యయనాల్ని తిరగదోడి, దుష్ఫలితాలు ఉన్నాయని, తక్కువేం లేవని తేల్చింది. 1996 నుంచి 2010 వరకు డాక్టర్లకి ఆ కంపెనీ సుమారు 21 కోట్ల డాలర్లు చెల్లించినట్టు 2012లో సెనేట్ కమిటీ నివేదిక చెప్పింది. 2013లో యేల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో మొత్తం సమాచారాన్ని స్వతంత్రంగా మళ్లీ లెక్కవేస్తే, సొంత ఎముక కంటే ఆ మందుకి పెద్దగా ఆధిక్యం కనిపించలేదు. ఆ పత్రికలో నిజం బయటపెట్టినవాళ్లూ సర్జన్లే అన్న విషయం నాకు ధైర్యం ఇస్తుంది.

సర్జన్ స్నేహితుడి మాట

ఇదంతా చదివి నా చిన్ననాటి స్నేహితుడితో వాదనకి దిగాను. వాడు ఆర్థోపెడిక్ సర్జన్. “నువ్వు కాగితాలు చదివి మాట్లాడుతున్నావురా, నేను చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నా” అన్నాడు. స్క్రూ తలలో రాడ్డుని బిగించే చిన్న మర ఒక్కోసారి వంకరగా ఎక్కుతుంది. స్క్రూడ్రైవర్ కొన అరిగి జారుతుంది. అప్పుడు రక్తం కారుతున్న గాయం ముందు నిలబడి చెమటలు కక్కాల్సింది తనే. మంచి కంపెనీ సెట్టుతో ఆ బాధ తక్కువ. పదేళ్ల తర్వాత ఆ రోగికే మళ్లీ ఆపరేషన్ చేయాల్సొస్తే, లోపల ఉన్న స్క్రూకి సరిపోయే స్క్రూడ్రైవర్ దొరకాలి. చిన్న కంపెనీ మూతపడితే ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఇవి తీసిపారేయగలిగిన మాటలు కావు. నేను అడిగింది ఒక్కటే. “ఆరోగ్యశ్రీ కేసుకి ఏం వేస్తావురా?” ఇండియన్ కంపెనీదే వేస్తాడు. ప్యాకేజీలో అదే వస్తుంది, అక్కడ రోగిని అడిగే ప్రశ్నే లేదు. “అవి నాసిరకమా?” అంటే వాడికి కోపమొచ్చింది. “నాసిరకమైతే నేను వేస్తానా? రెండు మూడు ఇండియన్ సెట్లు నాకు చేతికి బాగా అలవాటు, ఫలితాలు బాగానే ఉన్నాయి.” నా వాదనకి ఇంతకంటే బలం అక్కర్లేదు. ఏ సెట్టు నమ్మకమైనదో, ఏది కాదో తేల్చగలిగినవాడు సర్జనే. గొట్టిపాడులో మిర్చి పండించుకునే మా బావ ఆ పని ఎలా చేయగలడు? అతనికి తెలిసిందల్లా ఏది ఖరీదో. అతని ప్రేమకి ఆ గదిలో దొరికిన ఒకే ఒక కొలబద్ద ధర.

పేరు రాసివ్వరు

మా అత్త డిశ్చార్జి కాగితంలో “పెడికిల్ స్క్రూ ఫిక్సేషన్, కేజ్ అమర్చాం” అని ఉంది. ఏ కంపెనీ, ఏ మోడల్, ఎంత మందం, ఏ లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) అన్న వివరం లేదు. అంత డబ్బు పోసి కొన్న ఇంపోర్టెడ్ సామాను ఏదో ఇంట్లో ఎవరి దగ్గరా రాతపూర్వకంగా లేదు. అడిగితే కొన్నాళ్లు తిప్పి, కేజ్ పెట్టె మీది స్టిక్కర్ జిరాక్సు ఇచ్చారు. స్క్రూలకి స్టిక్కర్లు లేవన్నారు. అదీ నిజమేనట. విడివిడిగా సీల్ చేసి వచ్చేవాటికే స్టిక్కరుంటుంది. చాలా సెట్లలో స్క్రూలు ఒక ట్రేలో వరసగా గుచ్చి వస్తాయి. ఆపరేషన్ రోజు పొద్దున డీలరు మనిషి ఆ పెట్టెలు తెస్తాడు, ఆసుపత్రిలో ఆటోక్లేవ్ చేస్తారు (ఆవిరి వేడితో క్రిములు చంపుతారు), వాడినవి పోగా మిగిలినవి తిరిగి తీసుకెళ్తాడు. ఖాళీ అయినచోట కొత్తవి పెట్టి ఇంకో ఆసుపత్రికి.

ఇది ఎంత ముఖ్యమో తుంటి కీళ్ల ఉదంతం చూస్తే తెలుస్తుంది. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డెప్యూ ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లని 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలో సుమారు 4,700 మందికి అవి వేశారని లెక్క. పరిహారం ఇద్దామని వెతికితే వెయ్యి మందికి కాస్త పైగా మాత్రమే దొరికారు. మిగతావాళ్ల ఒంట్లో ఏముందో వాళ్లకే తెలియదు. రేపు ఏదో వెన్ను ఇంప్లాంటుకి ఇలాంటి కబురొస్తే మా అత్తని ఎవరు వెతుకుతారు? కాగితం ఖర్చు ఏముంటుంది? కంపెనీ పేరు, స్క్రూల మందం, పొడవు, లాట్ నంబరు డిశ్చార్జి సమ్మరీలో నాలుగు లైన్లు. నా స్నేహితుడు భయపడిన ఆ స్క్రూడ్రైవర్ సమస్యకీ సగం మందు ఇదే.

ధర కట్టేస్తే?

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్నవాటికి 29,600 రూపాయలు, లేనివాటికి 7,260. ఆగస్టులో మోకాలి కీళ్లకీ పెట్టింది. వెన్ను స్క్రూలకి, కేజ్‌లకి అలాంటిది పెట్టలేదు. ఎమ్మార్పీని ఏడాదిలో పది శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఒక్కటే వాటికి వర్తిస్తుంది. మొదట వేసుకున్న ఎమ్మార్పీ ఎంతైనా ఉండొచ్చు. 2018లో ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా వెళ్లింది. అవి సూదులూ సిరంజిల వంటి వస్తువులే. నాలుగు స్క్రూలు, రెండు రాడ్ల మీద ఎంత ఉంటుందో బయటికి రావాలి.

ధర కట్టేస్తే మంచి సరుకు దేశంలోకి రాదన్న వాదన ఉంది. అది ఊరికే అనే మాట కాదు. స్టెంట్ల ధర తగ్గించాక అబాట్ లాంటి కంపెనీలు తమ ఖరీదైన రకాల్ని వెనక్కి తీసుకుంటామని అర్జీ పెట్టుకున్నాయి. దీని మీద నేను చాలా తర్జనభర్జన పడ్డాను. స్క్రూలు, రాడ్లు దశాబ్దాలుగా ఉన్న వస్తువులు. లోహం అందరిదీ దాదాపు ఒకే టైటానియం మిశ్రమం, దానికి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. వీటికి గరిష్ఠ ధర కట్టడానికి ఇప్పుడు అడ్డేమీ లేదని నా నమ్మకం. కేజ్‌లలో మార్పులు ఇంకా జరుగుతున్నాయి కాబట్టి వాటికి కొన్నేళ్లు వెసులుబాటు ఇచ్చినా నేను గొడవపడను.

ఇంకొకటి మన రెండు రాష్ట్రాలూ వెంటనే చేయగలవు. స్వీడన్‌లో 1993 నుంచి వెన్ను ఆపరేషన్లకి దేశవ్యాప్త రిజిస్టరు ఉంది. ఆపరేషన్ అయిన ప్రతి మనిషినీ ఏడాదికి, రెండేళ్లకి, ఐదేళ్లకి ఎలా ఉన్నావని అడుగుతారు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి నడుస్తోంది. ఎవరికి ఏ ఆపరేషన్ జరిగింది, ఏ ఆసుపత్రిలో, ఏ ఫోన్ నంబరు అన్నీ ట్రస్టుల కంప్యూటర్లలో ఉన్నాయి. ఇంప్లాంటు పేరుకి ఒక గడి కలిపి, ఏడాది తర్వాత ఒక ఫోన్ చేయించండి. నొప్పి ఎంత తగ్గింది, ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారు, మళ్లీ పనికి వెళ్లారా, మళ్లీ ఆపరేషన్ అయిందా. తెలుగులో అడిగే నాలుగు ప్రశ్నలు. ఇండియన్ స్క్రూలు వేయించుకున్న వేలమంది కూలీలు, రైతులు, డ్రైవర్లు చెప్పే జవాబులు అందులోకి చేరితే, ఏ సెట్టు ఎవరికి పనిచేసిందో సర్జన్లకి మన మనుషుల లెక్కే దొరుకుతుంది.